ఇంట మిగిలిన మాత్రలు ఎక్కడ అప్పగించాలి?

మా పావగడ ప్రాంతంలో ఏ ఇంటికి వెళ్లినా గూటిలోనో, బీరువా పైనో ఒక పాత బిస్కెట్ల డబ్బా కనిపిస్తుంది. అందులో ఉండేవి మాత్రలు. జ్వరం తగ్గగా మిగిలినవి, వైద్యుడు మాన్పించినవి, కాలం చేసిన తాతగారి రక్తపోటు మందులు, అన్నీ అందులోనే. నిరుడు మా ఇంటి డబ్బాను చాపపై కుమ్మరించి చూడగా నాలుగు షీట్లకు గడువు తీరి రెండేండ్లు దాటింది. తీసివేద్దామంటే మా అమ్మ ఒప్పుకోలేదు. "దుడ్డిచ్చి తెచ్చినవి కదరా, ఎవరికన్నా పనికొస్తాయి" అన్నది.

సరిహద్దు గ్రామాలలో ఈ డబ్బా త్వరగా నిండుతుంది. ఒకసారి తాలూకా ఆసుపత్రిలో, మరొకసారి గడి దాటి హిందూపురంలోనో అనంతపురంలోనో చూపించుకొంటాము. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంటికి చేరుతుంది. పేర్లు వేరు గనుక మందులూ వేరనుకొని రెండూ మింగేవారున్నారు. చక్కెరవ్యాధి మందు ఇట్లు రెట్టింపైతే స్పృహ తప్పడానికి ఎంతోసేపు పట్టదు. షీటుపై కంపెనీ పేరుతోపాటు అసలు మందు పేరు కూడా అచ్చువేసి ఉంటుంది. దానిని మందుల షాపులో అడిగి పోల్చుకోవాలి.

పాఠశాలలో వారం వారం ఇనుము మాత్రలు పంచే ఉపాధ్యాయుడిగా ఒక సంగతి ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం క్రింద చిన్నపిల్లలకు గులాబీ రంగు, పెద్దపిల్లలకు నీలిరంగు, గర్భిణులకు ఎరుపు రంగు మాత్రలు ఇస్తారు. గర్భిణికి 180 రోజులు, కాన్పు తరువాత మరి 180 రోజులు ఇవి వాడవలసి ఉంటుంది. వికారంగా ఉందని సగంలో మానినవారి ఇండ్లలో పదుల కొద్దీ మిగులుతాయి. చక్కెర పూత పూసిన ఆ ఎర్రని మాత్ర పసివాడి కంటికి మిఠాయి వలె కనిపిస్తుంది. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. బిడ్డ బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే విషలక్షణాలు కనిపించవచ్చు, 60 దాటితే ప్రాణాపాయం. అంటే పది కిలోల బిడ్డకు నాలుగు మాత్రలే ప్రమాదకరం. మరొక చిక్కు ఉన్నది. మొదట వాంతులై, తరువాత కొన్ని గంటలపాటు బిడ్డ తేరుకొన్నట్లే ఉండి, ఆపైన పరిస్థితి విషమించవచ్చు. కనుక "ఇప్పుడు బాగానే ఉన్నాడు" అని ఆగరాదు. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించరాదు. ఆ షీటును వెంట తీసుకొని వెంటనే 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. మిగిలిన ఇనుము మాత్రలను ఆశా కార్యకర్తకు గాని, ఉపకేంద్రంలోని నర్సమ్మకు గాని తిరిగి ఇవ్వడమే ఉత్తమం.

సాధారణంగా మనం చేసేది వేరు. పెంటదిబ్బలో వేస్తాము. దానిని మేకలు కెలుకుతాయి, మిగిలినది ఎరువై పొలానికి చేరుతుంది. కాల్చితే రేకు, ప్లాస్టిక్కు పొగ మన ముక్కులకే. ఉబ్బసపు పీల్చుడు డబ్బాలు మంటలో పేలతాయి. మరుగుదొడ్డిలో పోస్తే ఆ గుంట ప్రక్కనే బోరుబావి ఉంటుంది. మనుషుల మందు పశువులకు వేయడమూ ఉన్నది. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ వేసిన పశువు చనిపోగా, ఆ కళేబరాన్ని తిన్న రాబందులు దేశమంతటా కుప్పకూలాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అయినా మనుషుల పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నందున 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించవలసి వచ్చింది.

కేరళలో 2025లో కోజికోడ్ నగరంలోనూ ఉల్లియేరి పంచాయతీలోనూ ఔషధ నియంత్రణ శాఖ 'ఎన్‌ప్రౌడ్' పేరిట పాతమందుల సేకరణ ప్రారంభించింది. నీలిరంగు పెట్టెలలో పోగైనవాటిని ప్రత్యేక కొలిమిలో దహిస్తారు. అదే సంవత్సరం మే నెలలో కేంద్ర ఔషధ ప్రమాణ నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇటువంటి సేకరణనే సూచించాయి. ట్రమడాల్, ఫెంటానిల్, డయజిపామ్ వంటి 17 మందులను మాత్రం, ఒక్క మోతాదే ఇతరుల ప్రాణం తీయగలదు గనుక, అప్పగించే వీలు లేనప్పుడు మరుగుదొడ్డిలో పోయవచ్చునన్నాయి. గుంట దొడ్లున్న మన ఊళ్లలో వాటిని ఇచ్చిన ఆసుపత్రికే ఆలస్యం లేకుండా చేర్చడం మేలని నా అభిప్రాయం.

మా ఊరి దగ్గరి పట్టణంలో మొదట అడిగిన షాపువారు "మాకెందుకు సార్" అని మొగం త్రిప్పుకొన్నారు. రెండవవారు తీసుకొన్నారు. గడువు తీరిన సరుకును కంపెనీకి తిప్పి పంపే దారి వారికి ఉంటుంది, మన మందులు అందులో చేరుతాయో లేదో అడిగి తెలుసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడగవచ్చు. అక్కడ పాతమందులు పసుపు సంచిలో వేరుగా పోతాయి. ఇచ్చేవరకు మాత్రలను షీటులోనే ఉంచాలి, పేరూ గడువూ కనబడాలి. ఎవరూ తీసుకోకుంటే షీటులోనుండి తీసి, నలపకుండా, వాడిన టీపొడిలో గాని మట్టిలో గాని కలిపి, మూత గట్టిగా బిగించిన డబ్బాలో పెట్టి పంచాయతీ చెత్తబండి వారికి చెప్పి వేరుగా ఇవ్వాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలే గడువు తీరిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి.

ఇన్సులిన్ సూదులు వీటిలో కలుపరాదు. వాటికి మందపాటి ప్లాస్టిక్ సీసా వేరుగా ఉంచాలి. మా అమ్మ డబ్బాలో ఇప్పుడు ఆమె వాడే మూడు రకాలే ఉన్నాయి. దానిపై ఆమె పేరు తెలుగులోనూ కన్నడంలోనూ వ్రాసి ఉంచాను.