కొలువా? సేవా? చేతిచమురా?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి: 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మూడూ వరంగల్లు జిల్లా ఊళ్ళే. వీటిలో ఏ ఊరనుకున్నా సరే, డిగ్రీ పాసైన బిడ్డ ఉన్న ఇంట్లో ఇలాంటి సంభాషణ జరగవచ్చు.

"బాపూ, పైదేశంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే పని ఉందట!"

"జీతమెంతట?"

"జీతం లేదు, సేవ. మనమే కొంత కట్టాలె."

వంటింట్లోంచి తల్లి అందుకుంటుంది: "జీతం లేని కొలువు విన్నం గని, ఎదురు కట్టే కొలువేందే బిడ్డా?"

ఆ తల్లి ప్రశ్నలోనే సగం జవాబుంది.

1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ 'పీస్ కోర్' స్థాపించారు. ఆ సేవకులు 1976 దాకా మన దేశానికీ వచ్చారు. ఎన్నో దేశాలలో ఇంగ్లీషు పాఠాలూ చెప్పారు. వారికి ఉద్యోగపు జీతం లేదు. కాని ప్రయాణం, బస, తిండి ఖర్చులు పంపినవారివే. ఐక్యరాజ్యసమితి కూడా తాను విదేశాలకు పంపే సేవకులకు నెలనెలా జీవన భత్యం ఇస్తుంది. సేవ చేసేవాడు తన కాలాన్ని, శ్రమను ఇస్తాడు. ఖర్చు కూడా అతనిచేతే పెట్టిస్తే అది డబ్బిచ్చి చేసే యాత్ర. సరదాకు వెళ్ళవచ్చు, అప్పుచేసి మాత్రం వద్దు. పదిహేను రోజులకొక పంతులు మారితే అక్కడి పిల్లలకు మాత్రం అబ్బే చదువెంత?

ఇక జీతమిచ్చే కొలువు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు బోధించే వీసా సాధారణంగా అమెరికా, బ్రిటన్ వంటి 7 దేశాల వారికే ఇస్తారు. అయితే 2010లో అమలుకు వచ్చిన భారత్–కొరియా ఒప్పందం మనవారికీ ఒక తలుపు తెరిచింది. డిగ్రీతోపాటు ఇంగ్లీషు బోధనకు ఉపాధ్యాయ యోగ్యత ఉన్నవారు అక్కడి బడులలో సహాయోపాధ్యాయులు కావచ్చు. నాలుగురోజుల్లో చేతికొచ్చే సర్టిఫికెట్టుకు ఆ తలుపు తెరుచుకోదు.

ప్రయాణానికి ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. "టూరిస్టు వీసా మీద వెళ్ళండి, తర్వాత మారుస్తాం" అంటే అక్కడే ఆగిపోండి. జీతం లేని బోధనను కూడా పనిగానే లెక్కించే దేశాలున్నాయి. ఉద్యోగానికి పంపే ఏజెంటుకు కేంద్రప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అతని రుసుము 30,000 రూపాయలు, ఆపై పన్ను దాటకూడదు. ఉద్యోగాల ఆశతో వెళ్ళి మయన్మారు మోసశిబిరాలలో చిక్కిన 500 మందికి పైగా మనవాళ్ళను 2025 మార్చిలో వాయుసేన విమానాలలో తీసుకురావలసి వచ్చింది.

నిజంగా సేవచేయాలన్న మనసుంటే మొదటి బడి మన వీధి చివరనే ఉంది. 2022–23లో సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. సాయంత్రం ఒక గంట ఆ పిల్లలతో కూర్చోండి. వీసా అక్కరలేదు, ఎదురు కట్టే పనీ లేదు. పాఠం చెప్పడం తనకు చేతనవునో కాదో కూడా అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత జీతమిచ్చే కొలువుకు దర్జాగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.