సీడీపై వ్రాత చెడకుండుటకు

అనంతపురము ప్రాంతపు ఇండ్లలో పాత కాసెట్లు నేటికిని కనబడుచున్నవి. తాతగారి పద్యములు, పెండ్లిపాటలు, ఎన్నడో రేడియోనుండి పట్టుకొన్న నాటకములు వానిలో నుండును. వానిని కంప్యూటరులోనికి తెచ్చి సీడీపై ఎక్కింపగోరు శ్రోతలకు మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ఒక్కసారి మాత్రమే వ్రాయదగు సీడీలో ప్లాస్టిక్కు బిళ్లమీద పలుచని రంగుపూతయు, దానిపై అద్దమువంటి లోహపుపొరయు ఉండును. లేజరు కిరణము ఆ పూతను వేడిచే మార్చి గుర్తులు చేయును. పలకమీది బలపపు వ్రాతవలె వానిని తుడిచి దిద్దుకొనుటకు వీలులేదు.

వ్రాత సాగుచున్నంతసేపు సమాచారము ఎడతెగక అందవలెను. అందులకై రైటరు కొంత సమాచారమును ముందుగా నిలువచేసికొనును. అది నీళ్లతొట్టి వంటిది. తొట్టి ఎండిన ధార తెగును. కరవెరిగిన మన సీమవారికి ఈ పోలికను వివరింపనక్కరలేదు. 2000 ప్రాంతమునుండి వచ్చిన రైటర్లలో ధార తెగినను ఆగి, అచ్చోటనుండియే సాగు ఏర్పాటు కలదు. అయినను దానినే నమ్ముకొనుట మాకు సమ్మతము కాదు. కరెంటు పోయినచో అది ఆదుకొనజాలదు. బ్యాటరీ నిండుగానున్న ల్యాప్‌టాపుగాని, యూపీయస్సుగాని ఉండవలెను. ఫైళ్లను పెన్‌డ్రైవునుండి నేరుగాగాక, హార్డ్‌డిస్కులోనికి చేర్చి వ్రాయవలెను. ఆ సమయమున ఆటలు, సినిమాలు కూడవు.

బిళ్లపై 52 రెట్ల వేగమని యున్నను 16 రెట్లు చాలును. 80 నిమిషముల బిళ్ల సుమారు 5 నిమిషములలో ముగియును. అంతకు మించిన తొందర యెందులకు? మరీ తక్కువ వేగమును మేలు కాదు. ఇటీవలి బిళ్లల పూతకు అది సరిపడకపోవచ్చును. వ్రాత పిదప ‘ఫైనలైజు’ చేయనిచో చాల ప్లేయర్లు ఆ బిళ్లను చదువవు.

ఈ బిళ్లలను విరివిగా చేసిన మోజర్ బేర్ సంస్థ 2018లో లిక్విడేషనుకు పోయినది. కనుక నేడు అంగడిలో దొరకునవి పాతసరకై యుండవచ్చును. ఎండలో పెట్టినవానిని కొనరాదు.

ఆషాఢపు గాలికి రేగు ఎఱ్ఱదుమ్ము మరియొక శత్రువు. బిళ్లను మెత్తని గుడ్డతో మధ్యనుండి అంచునకు నిలువుగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినచో గీత వ్రాతవెంట పోవును. ఆ నష్టమును ప్లేయరు పూరింపలేదు. అడ్డుగీతనైన చాలవరకు సరిచేసికొనగలదు. పేరు వ్రాయు వైపున లోహపుపొర చాల దగ్గర. బాల్‌పెన్ను తగదు, మెత్తని మొనగల మార్కరు కావలెను.

వ్రాసిన పిమ్మట ‘వెరిఫై’ చేయవలెను. మరియొక యింటి ప్లేయరులో బిళ్ల తుదివరకు పలికినదాక కాసెట్టును చెరుపరాదు.