రాసింది ఒకరు, శిక్ష ఇంకొకరికి

జుబైల్‌లోని తెలుగువాళ్ళు ఒక మెయిలింగ్ లిస్టు నడుపుకుంటున్నారనుకుందాం. ఒకాయన తన పాత యాహూ అడ్రసు నుంచి "శుక్రవారం కలుద్దాం" అని రాస్తాడు. ఆ ఉత్తరం చాలామందికి చేరదు. పోనీ అంతటితో ఆగుతుందా? ఐదు రోజులు ఇలాగే సాగితే ఏ పాపమూ ఎరగని జీమెయిల్, హాట్‌మెయిల్ సభ్యులకి లిస్టు ఉత్తరాలే ఆగిపోతాయి.

2014 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా లిస్టులకి పట్టిన గతి ఇదే. తన పేరుతో వచ్చే దొంగ ఉత్తరాలు పెచ్చుమీరడంతో, "మావని రుజువు కాని ఉత్తరాలు తిప్పికొట్టండి" అని యాహూ డిమార్క్ పాలసీ ప్రకటించింది. అదే నెలలో ఏఓఎల్ కూడా. (ఒకప్పుడు మన రచ్చబండకి చోటిచ్చిన యాహూయే లిస్టుల నెత్తిన ఈ బండ వేసింది.)

రుజువుకి దారులు రెండు. మొదటిది ఎస్‌పీఎఫ్: ఉత్తరం ఏ సర్వరు నుంచి వచ్చిందో చూస్తుంది. లిస్టు సర్వరు యాహూది కాదు కాబట్టి ఇది కుదరదు. రెండోది డీకిమ్: కవరు మీద లక్కముద్ర లాంటిది. లిస్టు సబ్జెక్టులో తన పేరు చేర్చి, అడుగున రెండు లైన్లు తగిలించగానే ముద్ర పగులుతుంది. రెండూ పోయాయి కాబట్టి జీమెయిల్ ఉత్తరాన్ని తిప్పికొడుతుంది. లిస్టు నడిపే మెయిల్‌మన్ దాన్ని చూసి "ఈ చందాదారు అడ్రసు చచ్చినట్టుంది" అనుకుంటుంది. రోజుకి ఒకటి చొప్పున లెక్క ఐదుకి చేరితే, మామూలు సెట్టింగుల్లో, ఆ సభ్యుడికి ఉత్తరాలు బంద్.

2014లోనే వచ్చిన మెయిల్‌మన్ 2.1.18 ఒక ఉపాయం చూపింది. కఠినమైన పాలసీ ఉన్న డొమైన్ల ఉత్తరాలకి మాత్రం 'ఫ్రమ్'లో లిస్టు అడ్రసు పెడుతుంది. పని జరుగుతుంది కానీ, రిప్లై సెట్టింగు సరిగా లేకపోతే ఒక్కరికని రాసిన జవాబు ఊరందరికీ పోతుంది. 2019లో ప్రచురించిన ఏఆర్‌సీలో, ఉత్తరం తన దగ్గరికి వచ్చినప్పుడు ముద్ర బాగానే ఉందని లిస్టు సాక్ష్యం చెబుతుంది. కానీ యాభైమంది ఉన్న చిన్న లిస్టు సాక్ష్యాన్ని జీమెయిల్ ఎందుకు నమ్మాలి?

నా ఓటు ఉత్తరాన్ని ముట్టుకోకుండా పంపడానికే. సబ్జెక్టులో పేరు లేకపోయినా లిస్ట్-ఐడీ హెడ్డరు చూసి ఫిల్టరు పెట్టుకోవచ్చు.

ఇది పాత యాహూ అడ్రసుల గొడవే అనుకోకండి. ఆఫీసు అడ్రసుతో లిస్టుకి రాసేవాళ్ళు డీఎన్ఎస్‌లో తమ కంపెనీ డిమార్క్ రికార్డు ఒకసారి చూసుకోండి. పాలసీ 'రిజెక్ట్' అని ఉంటే, లిస్టుకి వేరే అడ్రసు వాడండి.