ఎక్కడ ఆపాలో తెలిస్తేనే ఆట



వైకుంఠపాళి తెలియని ఇల్లు మనవైపు అరుదు. గవ్వలు వేస్తాం, పడినన్ని గళ్లు జరుపుతాం. నిచ్చెన దొరికితే పైకి, పాము నోట పడితే కిందికి. అష్టాచెమ్మాలోనైతే ఏ కాయ జరపాలో కాస్త ఆలోచించాలి గాని, ఇందులో అదీ లేదు. అందుకే బామ్మా, అయిదేళ్ల మనవడూ సమానంగా ఆడుకోగలరు. టెలివిజన్‌లో వచ్చే అదృష్టపు ఆటలూ ఈ జాతివే. కాని వాటిలో ఒక చిన్న మెలిక వుంది. ఆ మెలిక ఏమిటో, అవే ఆటలు వీడియో గేములై పిల్లల చేతికి వస్తే ఏమవుతుందో ఇవాళ చెప్పుకుందాం.

వీటిలో తేలికగా అర్థమయ్యేది 'డీల్ ఆర్ నో డీల్'. నెదర్లాండ్స్‌లో పుట్టి ఎన్నో దేశాలు తిరిగింది. మన దేశంలో 2005లో సోనీ ఛానెల్లో నటుడు మాధవన్ హిందీలో నడిపిన 'డీల్ యా నో డీల్' మీలో కొందరికి గుర్తుండే వుంటుంది. అదే ఏడు అమెరికాలోనూ మొదలయింది. అక్కడ 26 పెట్టెలు. ఒకదాన్లో ఒక్క సెంటు, ఇంకొకదాన్లో పది లక్షల డాలర్లు, మిగతావాటిలో మధ్యరకం మొత్తాలు. ఆడే మనిషి ఒక పెట్టె ఎంచుకుని, తెరవకుండా తన దగ్గర వుంచుకోవాలి. మిగిలినవి కొన్ని కొన్ని చొప్పున తెరిపించాలి. తెరిచిన పెట్టెలో ఎంత వుంటే అంత మొత్తం ఇక ఆటలో లేనట్టే. మధ్య మధ్య బ్యాంకరు అనే కనిపించని ఆసామి ఫోను చేసి, "మీ పెట్టె నాకిచ్చేయండి, ఇంత ఇస్తాను" అంటాడు. సరేనంటే ఆట ఆగిపోతుంది. వద్దంటే సాగుతుంది.

చూశారా, పెట్టె ఎంచుకోవడంలో తెలివేమీ లేదు. అమ్మాయి పుట్టినరోజు అంకె ఎంచుకున్నా, కళ్లు మూసుకుని వేలు పెట్టినా ఒకటే. మనిషి చేతిలో వున్నదల్లా ఎక్కడ ఆపాలి అన్నదే. నేను చెప్పిన మెలిక అదే.

దానికో లెక్క వుంది. ఆ 26 మొత్తాలూ కూడి 26తో భాగిస్తే 1,31,477 డాలర్ల పైచిలుకు వస్తుంది. న్యాయంగా మొదట్లో పెట్టె విలువ అంత. కాని మొదటి బేరంలో బ్యాంకరు అందులో కొద్ది భాగమే ఇస్తానంటాడు, పాత పట్టుచీరకు స్టీలు గిన్నె చూపించేవాడిలాగా. మొదటే న్యాయమైన ధర చెబితే అందరూ పుచ్చుకుని ఇంటికి పోతారు, ఇక చూడటానికి ఏముంటుంది? పెట్టెలు తగ్గుతున్న కొద్దీ బేరం న్యాయానికి దగ్గరవుతుంది.

ఈ ఆట మీద కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధన చేసి 2008లో ప్రచురించారు. నెదర్లాండ్స్, జర్మనీ, అమెరికా దేశాల్లో ఆడిన 151 మంది ఎలా ఆడారో చూశారు. పెద్ద మొత్తం పోగొట్టుకున్నవారు తగ్గకపోగా మరింత తెగిస్తారని తేలింది. నెదర్లాండ్స్ మనిషి ఒకాయనకు చివరికి రెండే మొత్తాలు మిగిలాయి: 10 యూరోలు, 10,000 యూరోలు. రెండిటి సగటు 5,005. బ్యాంకరు 6,000 ఇస్తానన్నాడు. అంటే న్యాయమైన ధరకన్నా ఎక్కువే. ఆయన వద్దన్నాడు. అంతకుముందే పెద్ద మొత్తాలు చేజారి వున్నాయి మరి! చివరికి 10 యూరోలతో ఇంటికి వెళ్లాడు. పోయిన చోటే వెతుక్కోవాలన్న మాట మన దగ్గరా వుంది గదా. ఆ మాటకు కొంపలు మునిగినవారిని మనం ఎరగమా?

ఇక వీడియో గేముల సంగతి. 1975లో అమెరికాలో మొదలైన 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' ఆటలో నిజంగానే ఓ పెద్ద చక్రం వుంటుంది. చేత్తో తిప్పితే తిరుగుతుంది. 1987లో అది నింటెండో గేముగా వచ్చింది. అందులో చక్రం బొమ్మే గాని బరువున్న చక్రం లేదు. యంత్రం గవ్వలు వేయలేదు కాబట్టి ఒక అంకెతో మొదలుపెట్టి, హెచ్చవేతలూ కూడికలూ చేసి తరవాతి అంకె తెస్తుంది. మొదటి అంకె అదే అయితే వరసంతా మళ్లీ అదే వస్తుంది. అందుకే గడియారాన్నిబట్టో, మనం మీట నొక్కిన క్షణాన్నిబట్టో ఆ మొదటి అంకె తీసుకుంటూ వుంటారు. గవ్వలు పడటం మన కంటికి కనిపిస్తుంది. యంత్రం లోపల ఏం జరుగుతోందో తయారుచేసినవాడికే తెలియాలి.

తెర మీది అదృష్టం అదృష్టమే కాకపోవచ్చుననడానికి 1984లో జరిగిన సంగతి ఒకటి వుంది. అమెరికాలో 'ప్రెస్ యువర్ లక్' అనే ఆటలో 18 గళ్ల మీద వెలుగు గెంతుతూ వుంటే మీట నొక్కి ఆపాలి. చెడ్డ గడిలో ఆగితే అప్పటిదాకా గెలిచిన డబ్బంతా పోతుంది. ఐస్‌క్రీం బండి నడుపుకునే మైకేల్ లార్సన్ అనే ఆయన ఆ కార్యక్రమాన్ని ఇంట్లో రికార్డు చేసి, ఆపి ఆపి చూశాడు. వెలుగు అయిదు వరసల్లోనే తిరుగుతోందని కనిపెట్టి, వాటిని బట్టీపట్టి వెళ్లి 1,10,237 డాలర్ల నగదూ బహుమతులూ గెలిచాడు. మోసమేమీ లేదని సొమ్ము ఇవ్వక తప్పలేదు. తరవాత నిర్వాహకులు వరసల సంఖ్య పెంచారు.

'డీల్ ఆర్ నో డీల్' కూడా వీడియో గేముగా, పెద్ద బజార్లలో నాణెం వేసి ఆడే యంత్రంగా వచ్చింది. యంత్రంలో డాలర్లకు బదులు టిక్కెట్లు, ఆ టిక్కెట్లకు బొమ్మలు. ఇంట్లో ఆడే గేములో ఓడినా పోయేదేమీ లేదు, ఇంకో మీట నొక్కితే మళ్లీ 26 పెట్టెలూ నిండుగా సిద్ధం! అక్కడే వుంది చిక్కు. "వద్దు, ఇంకా ఆడతా" అనటం పిల్లవాడికి అలవాటవుతుంది గాని, పోయింది తిరిగి రాదన్నది అనుభవానికి రాదు. అదే అలవాటుతో ఫోనులో డబ్బు పందేల దాకా పోయినవారున్నారు. అందుకే ఆన్‌లైన్ పందేలను ఆపేందుకు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, పార్లమెంటు 2025లో చట్టాలు చేశాయి. చట్టం సంగతి అలా వుంచండి. ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది.

ఆరు కవర్లు తీసుకోండి. వాటిలో 1, 2, 5, 10, 20, 100 అని రాసిన చీటీలు పెట్టి కలిపేయండి. డబ్బు బదులు చింతగింజలు. పిల్లవాడు ఒక కవరు ఎంచుకుంటాడు. బ్యాంకరు మీరు. మొదట పెట్టె విలువ 23 గింజలు. రెండు కవర్లు తెరిస్తే 2, 100 పోయాయనుకోండి. మిగిలిన నాలుగూ కలిపి 36, సగటు 9. మీరు 9 ఇస్తానంటే, పిల్లవాడు పోయిన వందనే తలుచుకుని మొహం ముడుచుకుంటాడు. అప్పుడు చెప్పండి, "నాన్నా, ఆ వంద పోయింది. ఇక వున్నవాటినే లెక్కపెట్టు" అని. ఒక్క నియమం మాత్రం తప్పొద్దు: రోజుకి ఒకే ఆట. గింజలు పోతే మళ్లీ రేపే.

ఆ ఒక్క మాట చిన్నప్పుడే మనసుకు పట్టిందంటే, పెద్దయ్యాక ఏ బ్యాంకరు ఫోను చేసినా తడబడకుండా జవాబు చెప్పగలుగుతారు. 

(రేడియో ప్రసంగ పాఠం)