కరేడు సోలార్ ఫ్యాక్టరీ: పట్టా లేని కూలీ లెక్కలోకి వచ్చేదెలా?

సౌర విద్యుత్ గురించి మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఎండను కరెంటుగా మార్చే పార్కు ఒకటి. ఆ ప్యానెళ్లను తయారుచేసే ఫ్యాక్టరీ ఇంకొకటి. తీరం వెంబడి, ఉలవపాడు మండలం కరేడులో గొడవంతా రెండోదాని గురించి.

ఇండోసోల్ సోలార్ కంపెనీకి మొదట రామాయపట్నం పోర్టు దగ్గర, గుడ్లూరు మండలంలో భూములు అనుకున్నారు. అక్కడికి బీపీసీఎల్ రిఫైనరీ రావడంతో సోలార్ ఫ్యాక్టరీ కరేడు వైపు జరిగింది. ప్రాజెక్టుకు కావాలన్నది 8 వేల ఎకరాలకు పైమాటే. 2025 జూన్ చివర్లో కరేడు జనం జాతీయ రహదారి మీద బైఠాయించారు. జులైలో గ్రామసభలోనూ భూములు ఇచ్చేది లేదన్నారు.

మేం సోలార్‌కు వ్యతిరేకులం కాదు. బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. సోలార్‌లో, ప్యానెల్ తయారీని కలుపుకున్నా, అది 50 గ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. వడగాడ్పు మొదట కొట్టేది నాట్లేసే ఆడకూలీనే కాబట్టి ఈ తేడా మనకు చిన్నది కాదు.

అయితే ప్యానెల్ ఉత్తినే తయారవదు. క్వార్ట్జ్ రాయిని బొగ్గుతో కలిపి 2,000 డిగ్రీలకు దగ్గరగా కాలిస్తే ముడి సిలికాన్ వస్తుంది. దాన్ని హైడ్రోజన్ క్లోరైడ్‌తో వాయువుగా మార్చి, శుద్ధి చేసి, ఎర్రగా కాలిన కడ్డీల మీద మళ్లీ పేరుస్తారు. అదే పాలీసిలికాన్. ఈ ఒక్క దశకే కిలోకు 50 యూనిట్లకు అటూ ఇటూగా కరెంటు పడుతుంది. తర్వాత కరిగించి దిమ్మ పోయాలి, వెంట్రుక మందాన పలకలుగా కోయాలి, ఆమ్లాలతో కడగాలి. అందుకు అతి శుద్ధమైన నీళ్లు విస్తారంగా కావాలి. ప్యానెల్ తన తయారీకి తిన్న కరెంటును ఏడాది రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది, పాతికేళ్లు పనిచేస్తుంది. ఆ లాభం దేశమంతటిది. ఆమ్లాల వ్యర్థాలు, నీటి వాడకం మాత్రం ఫ్యాక్టరీ ఉన్న ఊరివి.

ఇంకో మాట. ఒక మెగావాట్ పార్కుకు నాలుగైదు ఎకరాలు కావాలి, ఎందుకంటే ఎండ పరుచుకుని పడుతుంది. ఫ్యాక్టరీకి ఎండతో పనిలేదు. అలాంటప్పుడు వేల ఎకరాల్లో యంత్రాలకెంత, సొంత కరెంటుకెంత, టౌన్‌షిప్‌కెంత అన్న లెక్క సర్వే నెంబర్లతో సహా ఊరి ముందు పెట్టాలి.

ఇక భూమి పోతే ఎవరు నష్టపోతారు? పేపర్లలో కనిపించేది పట్టాదారు రైతు. ఆయన నష్టం నిజమైనదే. కానీ ఆ పొలంలో కలుపు తీసే దళితవాడ కూలీకి, చెరువులో చేపలు పట్టే యానాదికి పాస్‌బుక్ ఉండదు. 2013 భూసేకరణ చట్టం వీళ్లను మరచిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ఆ బతుకుతెరువు కోల్పోయే కూలీలు, కౌలుదార్లు కూడా దాని దృష్టిలో 'బాధిత కుటుంబాలే'. కుటుంబానికో ఉద్యోగం, లేదా రూ.5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు రూ.2 వేలకు తగ్గకుండా భృతి వాళ్లకూ వర్తిస్తుంది. అసైన్డ్ భూమి ఉన్నవాళ్లకు పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లోనే చెప్పింది.

చిక్కు ఎక్కడుందంటే, ఊళ్లో ఎవరెవరు దేనిమీద బతుకుతున్నారో భూమి తీసుకోకముందే తేల్చేది సామాజిక ప్రభావ అంచనా. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం సమ్మతి కూడా కావాలి. పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల వంటి పద్దుల కింద ఈ రెండింటి నుంచీ మినహాయింపు ఇచ్చే అధికారాన్ని రాష్ట్రం 2018 సవరణతో తెచ్చుకుంది. తర్వాత పునరావాస సర్వే ఉంటుంది, నిజమే. కానీ అది భూమి పోవడం దాదాపు ఖాయమయ్యాక జరిగే తలల లెక్క. అందుకే ఏ నోటిఫికేషన్ వచ్చినా మనం మొదట చూడాల్సింది ఎకరాలు కాదు, మినహాయింపు వాక్యం ఉందా లేదా అని.

ఇదే తీరంలో దక్షిణాన నేలటూరులో 2,400 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. దానికి రాష్ట్రపు తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. పేరు పెట్టడం తేలికే. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద 2 కిలోవాట్ల ప్యానెళ్లు ఉచితంగా పెడతామంటున్నారు. మంచిదే. ప్యానెల్ మోయగల కప్పు, దానికో ఇంటి పట్టా ఉన్నవాళ్లకు.

తీర గ్రామాల్లో పనిచేసే విద్యార్థులకు మా సూచన: వాడల్లో జాబ్ కార్డులు, కౌలు కార్డులు, ఎవరు ఏ పొలంలో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారన్న వివరాలు ఇప్పుడే రాసి, సంతకాలతో గ్రామసభ రికార్డుకు ఎక్కించండి. కౌలు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. ఆ కౌలుదార్ల పేర్లు విడిగా రాయండి.