ఆంగ్ల క్రియ 'సీ': చైనీయ అభ్యాసకులు ఎదుర్కొనే అర్థభేద సమస్య

ఆంగ్లంలోని 'సీ' అనే క్రియకు మాండరిన్‌లో 'ఖాన్' అనే ఒక్క సమానార్థకాన్ని ఇచ్చి ముందుకు సాగడం వల్ల అనేక దోషాలు తలెత్తుతాయి. 'ఐ సా ఎ బుక్ లాస్ట్ నైట్' అని చైనీయ విద్యార్థి రాసినప్పుడు, అతడు చెప్పదలచింది పుస్తకం చదివానని కావచ్చు. మాండరిన్‌లో పుస్తకం చదవడానికీ, టీవీ చూడటానికీ, ఒక వైపు దృష్టి సారించడానికీ 'ఖాన్' చాలు. ఆంగ్లం ఆ అర్థక్షేత్రాన్ని రీడ్, వాచ్, లుక్, సీ అనే క్రియలకు పంచింది.

వ్యాపారం, ఫలం

భారతీయ వైయాకరణులు ధాత్వర్థాన్ని వ్యాపారం, ఫలం అని విడదీసి పరిశీలించారు. ఆ విభజన ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. 'ఖాన్' ప్రధానంగా వ్యాపారాన్ని చెబుతుంది. వస్తువు కంటబడిందని చెప్పడానికి దానికి 'జ్యెన్' అనే ఫలబోధక పదాన్ని చేర్చి 'ఖాన్‌జ్యెన్' అంటారు. అందుకే 'ఖాన్ లె, మేయ్ ఖాన్‌జ్యెన్' అనే వాక్యంలో వైరుధ్యం లేదు. తెలుగులో "చూశాను, కనబడలేదు" అన్నంత సహజం. ఆంగ్లంలో 'లుక్' వ్యాపారప్రధానం, 'సీ' ఫలప్రధానం. కాబట్టి 'సీ'కి మొదట చెప్పవలసిన జోడు 'ఖాన్‌జ్యెన్'.

ఈ జోడింపు ఒక వ్యాకరణ నియమాన్ని కూడా సులభం చేస్తుంది. కంటికి కనబడటం అనే అర్థంలో 'ఐ యామ్ సీయింగ్ ఎ బర్డ్' అనడం సాధారణంగా సాధువు కాదు. మాండరిన్‌లో జరుగుతున్న క్రియను సూచించే 'జాయ్' కూడా 'ఖాన్'కు ముందు వస్తుంది గాని, 'ఖాన్‌జ్యెన్'కు ముందు రాదు. అంటే అభ్యాసకుడికి ఆ నియమం మాతృభాషలోనే ఉంది. నిఘంటువు ఇచ్చిన తప్పు జోడు దానిని మరుగుపరుస్తుంది. 'కెన్ సీ', 'కాంట్ సీ' అనే ప్రయోగాలకు 'ఖాన్ ద జ్యెన్', 'ఖాన్ బు జ్యెన్' చక్కగా సరిపోతాయి.

ఇతర అర్థాలు

'ఐ సీ' అంటే అర్థమైందని. దీనికి 'మింగ్‌బాయ్' ఉంది, పెద్ద చిక్కు లేదు. కలుసుకోవడం అనే అర్థంలో మాత్రం జాగ్రత్త అవసరం. వీడ్కోలు మాట 'జాయ్‌జ్యెన్'లోని 'జ్యెన్' కలుసుకోవడమే. అయితే తొలి పరిచయంలో ఆంగ్లం 'మీట్' అంటుంది, పరిచయమైన తరువాత 'సీ' అంటుంది. మాండరిన్‌లో రెండు సందర్భాలకూ 'జ్యెన్' చెల్లుతుంది కనుక, కొత్తవారితో 'నైస్ టు సీ యూ' అనే పొరపాటు సహజంగా దొర్లుతుంది.

వైద్యుని విషయంలో రెండు భాషలూ ఒకే దారిన నడుస్తాయి. రోగి వైద్యుని 'సీ' చేస్తాడు, వైద్యుడూ రోగిని 'సీ' చేస్తాడు; 'ఖాన్‌బింగ్' కూడా ఇద్దరికీ వర్తిస్తుంది. వైద్యుడు చూస్తే రోగి "చూపించుకునే" తెలుగు ఇక్కడ వీటికంటే స్పష్టం.

అనుబంధ క్రియారూపం

అన్నింటికంటే కఠినమైనది 'సీ' తరువాత వచ్చే క్రియ. 'ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్' అంటే అతడు రోడ్డు పూర్తిగా దాటడాన్ని చూడటం. 'క్రాసింగ్' అంటే దాటుతుండగా చూడటం. చైనీయ క్రియకు ఇటువంటి ప్రత్యయభేదం లేదు. రెండో అర్థాన్ని స్పష్టం చేయడానికి 'జాయ్' చేర్చవచ్చు గాని, అది తప్పనిసరి కాదు. పైగా కర్మణి వాక్యంలో 'హీ వాజ్ సీన్ టు క్రాస్' అని, కర్తరిలో లేని 'టు' వచ్చి చేరుతుంది. దీనికి మాండరిన్‌లో ఆధారమేదీ లేదు. ఈ ఒక్కచోట ఉపాధ్యాయుడు పోలికను వదలి, వాక్యాలనే అభ్యాసం చేయించాలి.