ముందు బడి, తరువాత ఇల్లు

ఢిల్లీకి బదిలీ అయిందనగానే ఆప్తులందరూ అడిగే మాట ఒక్కటే: "ఇల్లెక్కడ చూస్తున్నారు?" రాజధానిలో పదేళ్ళు కాపురం చేసినవారు మాత్రం ఆ మాట అడగరు. "పిల్లవాడికి ఎన్నేళ్ళు?" అంటారు. కరోల్‌బాగ్‌లో దిగాలా, జనక్‌పురిలోనా, యమున దాటి నోయిడాకు పోవాలా అన్నది ఆ జవాబును బట్టి తేలుతుంది.

మూడు నాలుగేళ్ళ పసివాడయితే చిక్కు ఎక్కువ. ఒకప్పుడు అక్కడి ప్రైవేటు పాఠశాలలు పిల్లలనూ తల్లిదండ్రులనూ ఎదుట కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి సీట్లు ఇచ్చేవి. 2006లో హైకోర్టు నియమించిన గంగూలీ సంఘం అందుకు బదులుగా పాయింట్ల విధానాన్ని సూచించింది. ఇల్లు బడికి దగ్గరగా ఉంటే కొన్ని, అన్నో అక్కో అదే బడిలో చదువుతుంటే కొన్ని. 2013 డిసెంబరులో లెఫ్టినెంట్ గవర్నరు జారీ చేసిన నిబంధనలలో నూటికి 70 పాయింట్లు 8 కిలోమీటర్లలోపు నివాసానికే దక్కాయి. ఇతర రాష్ట్రాలనుండి బదిలీపై వచ్చినవారికి విదిలించినవి 5. కొద్ది నెలలకే అవీ పోయాయి. 2014 నవంబరులో హైకోర్టు ఆ నిబంధనలనే కొట్టివేసింది. 2017 జనవరిలో ప్రభుత్వం ఇచ్చిన స్థలాలలో నడిచే 298 పాఠశాలలు ముందు చుట్టుపక్కల పిల్లలనే చేర్చుకోవాలని మరో ఉత్తర్వు వచ్చింది; ఫిబ్రవరిలో దానికీ స్టే. నేడు ఎవరి పాయింట్లు వారే ప్రకటించుకుంటున్నారు. కోర్టులో ఎవరు గెలిచినా, చాలా బడులలో దూరానికి వేసిన పెద్దపీట మాత్రం కదలలేదు.

ఇందులో మరొక మెలిక ఉంది. దరఖాస్తులు సాధారణంగా నవంబరు చివరనో డిసెంబరులోనో మొదలై, తొలి జాబితా జనవరిలో వెలువడుతుంది. జూన్‌లో సామానుతో రైలు దిగేవారికి అప్పటికే తలుపులు మూసుకుపోయి ఉంటాయి. బదిలీలుండే కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాలలో ప్రాధాన్యం ఉంది. కంపెనీ ఉద్యోగికి ఆ ఆసరా లేదు. అతడు ఒక చలికాలం ముందుగానే అద్దె అగ్రిమెంటూ కరెంటు బిల్లూ సిద్ధం చేసుకోవాలి.

తెలుగువారికి ఈ అవస్థ కొత్తదేమీ కాదు. రాజధానిలో స్థిరపడుతున్న ఆంధ్ర కుటుంబాల పిల్లల చదువుకోసం 1948లోనే దుర్గాబాయి చొరవతో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడింది. రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె తలమునకలై ఉన్న రోజులవి. ఆ సొసైటీ పాఠశాలలు ఐ.టి.ఓ. దగ్గర, కరోల్‌బాగ్‌ను ఆనుకొని ఉన్న ప్రసాద్‌నగర్‌లో, జనక్‌పురిలో పనిచేస్తున్నాయి. పిల్లవాడి చెవిన నాలుగు తెలుగు ముక్కలు పడాలనుకునేవారు ఈ చుట్టుపక్కల అద్దె ఇళ్ళు వెదకడంలో ఆశ్చర్యం లేదు. (ఆమె పేరు ఇప్పుడొక మెట్రో స్టేషనుకూ ఉంది, శ్రీ వేంకటేశ్వర కళాశాల చెంత. అక్కడ ఎక్కి దిగే కుర్రకారులో ఎందరికి ఆమె ఎవరో తెలుసో!)

యమున దాటితే అద్దె కలిసివస్తుందనీ, గాలి వెలుతురు బాగుంటాయనీ నోయిడాకు పోయేవారున్నారు. 1976లో పుట్టిన ఆ పట్టణం ఉత్తరప్రదేశ్‌లోది. గురుగ్రామ్, ఫరీదాబాద్ హర్యానావి. గీత కంటికి కనబడదు గాని, పన్నెండో తరగతి తరువాత బాగా తెలిసివస్తుంది. ఢిల్లీ టెక్నలాజికల్ విశ్వవిద్యాలయంలో, ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయంలో 85 శాతం సీట్లు ఢిల్లీ అభ్యర్థులవి. ఢిల్లీ అభ్యర్థి అంటే ఢిల్లీలోని బడిలో పన్నెండో తరగతి చదివినవాడని అర్థం. ఇల్లెక్కడన్న ప్రశ్న లేదు. నోయిడాలో ఉంటూ ఢిల్లీ బడిలో చదివిన పిల్ల ఢిల్లీ పిల్ల. ఢిల్లీలో ఉంటూ నోయిడా బడిలో చదివిన పిల్ల పరాయిది.

ఇక భద్రత. ఎత్తయిన గోడలు, గేటు వద్ద కాపలావాళ్ళు, కెమెరాలు చూసి మనసు కుదుటపడడం సహజం. కాని 2006 డిసెంబరులో నోయిడా 31వ సెక్టారు పక్కనున్న నిఠారీలో పిల్లల అస్థికలు బయటపడినప్పుడు లోకానికి తెలిసినదేమిటి? బిడ్డలు కనబడడం లేదని పేద తల్లిదండ్రులు ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నా పోలీసులు చెవిని పెట్టలేదని. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ కింద ఉంటారు. నోయిడా, గురుగ్రామ్ పోలీసులు ఆయా రాష్ట్రాల అధీనంలో. ఇల్లు చూడబోయినప్పుడు బ్రోకరును కాక, కూరలబండి అతన్నీ పనిమనిషినీ అడగండి: ఫిర్యాదు చేస్తే ఇక్కడి స్టేషనులో రాసుకుంటారా అని.

అయితే గోడలకన్నా, గేటుకన్నా పరిశీలించవలసినది దారి. 1997 నవంబరు 18 ఉదయం వజీరాబాద్ వంతెన మీదినుండి బడి బస్సొకటి యమునలో పడి 28 మంది పిల్లలు మరణించారు. ఏడాది ముగియకముందే సుప్రీంకోర్టు బడి బస్సులకు వేగ నియంత్రణ సాధనాలు, స్పష్టమైన గుర్తింపు, అనుభవజ్ఞులైన డ్రైవర్లు తప్పనిసరి చేసింది. వాటి అమలును కాగితం మీద కాక రోడ్డు మీద చూడాలి. ఏడు గంటల వేళ మీరే ఆ బస్సు వెనక వెళ్ళండి. సహాయకుడు కిందికి దిగి పిల్లలను ఎక్కిస్తున్నాడా? తిరుగు ప్రయాణంలో చిట్టచివర దిగేది మీ పిల్లే అయితే, ఆఖరి పది నిమిషాలు బస్సులో ఆమెతో ఇంకెవరుంటారు? పొగమంచు కమ్మిన జనవరిలో ఆ దారి ఎంతసేపు?

దూరపు కాలనీలో మూడు గదుల అద్దెకు బడి పక్కవీధిలో రెండు గదులే రావచ్చు. పిల్లలు చిన్నవాళ్ళయినన్నాళ్ళూ ఆ రెండు గదులే తీసుకోమంటాను. పదకొండో తరగతికి వచ్చిన అమ్మాయి మెట్రో మొదటి పెట్టెలో ఒక్కతే వెళ్ళిరాగలదు, అది ఆడవారికి కేటాయించినది కదా. మూడో గది సంగతి అప్పుడు చూసుకోవచ్చు.